బువల్‌టీన్‌లో దిగాల్సింది

“బువల్‌టీన్!” అని డ్రైవరు రెండుసార్లు కేకేశాడు. ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. నేను దిగాల్సింది ఐర్లండ్‌లోని బ్యాలీఫెరిటర్ అనే ఊళ్ళో. ఆ ఊరికి ఐరిష్‌లో ‘బాలె అన్ ఎర్టేరిగ్’ అంటారని ముందురోజు రాత్రే చదువుకుని, అక్షరాలు గుర్తుపెట్టుకుని మరీ బస్సెక్కాను. తలుపు మూసుకుంది, బస్సు కదిలింది. చర్చి, పబ్బు, పాత బడి ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోయాక, బడి గోడ మీద మ్యూజియం బోర్డు కనిపించింది. నేను చూడాలని వచ్చింది ఆ మ్యూజియమే.

పక్కసీటులో ఒక పెద్దావిడ, ఒళ్ళో సరుకుల సంచితో, నా వంక చూసి, “బాలె అన్ ఎర్టేరిగ్ అని టికెట్ తీసుకున్నావు కదమ్మా, దిగలేదేం?” అంది.

“ఇంకా రాలేదు కదండీ.”

“వచ్చింది, వెళ్ళింది. అదే బువల్‌టీన్.”

డింగిల్ ద్వీపకల్పంలో బస్సు తప్పిపోవడం అంటే ఏమిటో వెళ్ళినవాళ్ళకు తెలుసు. మళ్ళీ బస్సు ఎప్పుడో. టాక్సీ పిలిస్తే డబ్బులు వదిలిపోతాయి. అప్పటికే డింగిల్ ఊళ్ళో రెండు రాత్రుల గదికి 280 యూరోలు పోశాను, ఆ గదికి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. నాకు చాలా కోపం వచ్చింది. బోర్డు మీద ఒక పేరు, టైమ్‌టేబుల్లో అదే పేరు, కేక మాత్రం ఇంకో పేరుతోనా?

పెద్దావిడ కంగారు పడలేదు. “డ్రైవరు దూన్ ఖీన్ వెళ్ళి కాసేపు ఆగి ఇదే దారిలో వెనక్కి వస్తాడు, కూర్చో” అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఎర్టేరిగ్ అంటే ఫెరిటర్ వంశం వాళ్ళు. నార్మన్ల కాలంలో వచ్చి ఇక్కడ భూములు ఏలారు. వాళ్ళలో పియరస్ అనే కవిని 1653లో కిలార్నీలో ఉరి తీశారు. “అది దొరల పేరు. కాగితం మీద అదే. మేం చిన్నప్పటినుంచీ బువల్‌టీన్ అనే అంటాం. బువలె అంటే ఎండాకాలం ఆవుల్ని తోలుకెళ్ళి ఉంచి పాలు పితుక్కునే చోటు. ఇది చిన్న బువలె.”

అంటే మన మాటలో చిన్న పశువుల దొడ్డి.

నా కోపం అక్కడితో చల్లారింది. పేరు రెండు ముక్కలుగా ఉండడం నాకు కొత్త కాదు. డబ్లిన్‌లో నాలుగేళ్ళుగా ఉంటున్నాను. వచ్చిన కొత్తలో బస్సుల మీద ‘అన్ లార్’ అని చూసి అదొక పేట అనుకున్నాను. లార్ అంటే నడుమ, ఊరి నడిబొడ్డు. కార్ల నంబరు ప్లేట్ల మీద డబ్లిన్‌కు బదులు చిన్నక్షరాల్లో ఉండే ఐరిష్ పేరు ‘బాలె ఆహా క్లీ’. అర్థం, తడికలు పరిచి ఏరు దాటే రేవున్న ఊరు. మూడు మాటల పేరు అది. ఐరిష్ మాట్లాడేవాళ్ళు మాత్రం మధ్యలో సగం మింగేసి ‘బ్లా క్లీ’ అంటారు. మా ఆఫీసులో ఒకతను గాల్వే వైపు నుంచి వచ్చాడు, ఫోన్లో వాళ్ళమ్మతో “బ్లా క్లీ” అంటుంటే అది ఈ ఊరేనని పోల్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. డబ్లిన్ అన్నదీ ఇంగ్లీషు మాట కాదు, నల్ల మడుగు అనే ఐరిష్ మాటే.

డింగిల్ ఊరి పేరు గొడవ గురించి గది ఇచ్చినావిడ ముందురోజు టిఫిన్ పెడుతూ చెప్పింది. ఐరిష్ మాట్లాడే ప్రాంతాలను గేల్టాక్ట్ అంటారు. అక్కడి ఊళ్ళ ఇంగ్లీషు పేర్లకు 2005 మార్చి 28 నుంచి చట్టబద్ధత పోయింది. రోడ్డు బోర్డుల మీదా ప్రభుత్వ మ్యాపుల్లోనూ ఐరిష్ పేరే ఉండాలి. అలా డింగిల్ కాస్తా ‘అన్ దంగిన్’ అయింది. అంటే కోట. ఊళ్ళో ఐరిష్ మాట్లాడేవాళ్ళు అనే పేరూ అదే. అయినా ఊరు భగ్గుమంది. లోకమంతా డింగిల్ అని వెతుక్కుంటూ వస్తుంటే బోర్డు మీద ఆ పేరు లేకపోతే టూరిస్టులు ఎలా వస్తారని ఒక బాధ. ఆఫలీ కౌంటీలో దంగిన్ అనే ఇంకో ఊరుంది, వచ్చేవాళ్ళు అటు పోతారని ఇంకో బాధ. కొందరు రాత్రిళ్ళు వెళ్ళి బోర్డుల మీద చేత్తో ‘డింగిల్’ అని రాశారు. 2006 అక్టోబరులో ఊరి ఓటు పెడితే వెయ్యి మందికి పైగా, అంటే ఓటేసినవాళ్ళలో దాదాపు అందరూ, రెండు పేర్లూ కావాలన్నారు. చివరికి 2011లో చట్టం మార్చి ఇంగ్లీషులో డింగిల్, ఐరిష్‌లో ‘దంగిన్ ఈ ఖూష్’ అని ఖాయం చేశారు.

“మీరు ఏమంటారు?” అని అడిగాను. “అన్ దంగిన్” అంది వెంటనే. “ఆ పొడుగు పేరు ఉత్తరాల మీద రాయడానికి. నోటికి అంత తీరిక ఎక్కడిది?”

నా మటుకు నాకు ఆ చట్టం తెచ్చినవాళ్ళ మీద గౌరవం ఉంది. 1824లో మొదలైన సర్వేలో ఐర్లండ్ ఊళ్ళ పేర్లను వినబడ్డట్టు ఇంగ్లీషు స్పెల్లింగుల్లోకి దించి మ్యాపులకెక్కించారు. అర్థాలు పోయి ఉత్త శబ్దాలు మిగిలాయి. జాన్ ఓ డోనవన్ లాంటి పండితుడు ఊరూరా తిరిగి, ముసలివాళ్ళని అడిగి అసలు పేర్లు రాసిపెట్టబట్టి చాలా పేర్లు బతికాయి. పోయినదాన్ని వెనక్కి తేవాలనుకోవడం న్యాయమే. కానీ ఆ ఊళ్ళోవాళ్ళని అడగకుండా తెస్తే ఎలా? ఓటు అయిదేళ్ళ ముందే పెట్టి ఉంటే బోర్డుల మీద ఎవరూ రంగు పూసేవాళ్ళు కాదు.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. బెజవాడ బస్టాండులో నన్ను చెయ్యిపట్టుకుని నిలబెట్టి, మచిలీపట్నం బోర్డున్న బస్సు ముందు కూడా “బందరు బస్సేనా బాబూ?” అని కండక్టర్ని అడిగేది. ఆవిడకు చదువు రాదు. నాకు వచ్చు కదా, నేను చదివి చెప్పినా నమ్మేది కాదు. “ఎక్కమ్మా, బందరే” అని కండక్టరు అంటేనే మెట్టు మీద కాలు పెట్టేది. 2015లో రాజమండ్రి పేరును రాజమహేంద్రవరంగా మార్చారు. మంచి పేరే, పాత పేరే. మా మేనత్తది ఆ ఊరే, ఇప్పటికీ “రాజమండ్రి ఎప్పుడొస్తావే” అనే అడుగుతుంది.

దూన్ ఖీన్ దగ్గర బస్సు ఆగింది. ఎదురుగా సముద్రంలో పెద్ద బ్లాస్కెట్ దీవి. 1953లో చివరి కుటుంబాలు వదిలేసి వచ్చేసిన దీవి అది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేనూ ఒకటి తీశాను గానీ గాలికి నిలబడలేక వెనక్కి వచ్చేశాను. పెద్దావిడ ఇల్లు అక్కడికి దగ్గరే. దిగబోతూ సంచి కింద పెట్టి, కొండవాలులో రాతి గోడల మధ్య ఉన్న పచ్చని చెక్కలను చూపించింది. “అది పార్క్ అన్ తొబిర్.” ఊటబావి చేను. “ఆ పక్కది గొర్ట్ ఫాదా.” పొడుగు మడి. ఒక్కో చెక్కనీ వేలితో చూపిస్తూ ఏడు పేర్లు చెప్పింది. వేలి కణుపులు వాచి ఉన్నాయి, గోళ్ళ కింద మట్టి. చివర ఒక చిన్న ముక్క దగ్గర ఆగి, “దీని పేరు మా ఆయనకి తెలుసు, పోయాడు” అంది. సంచి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి వచ్చేటప్పుడు బువల్‌టీన్‌లో దిగాను. మ్యూజియం చూశాను. రాళ్ళ మీద ఓగమ్ అనే పాతకాలపు ఐరిష్ లిపి గీతలు ఉన్నాయి, బాగున్నాయి. కానీ మనసంతా ఆ ఏడు పేర్ల మీదే.

రాత్రి గదికి వచ్చి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజాము, అయినా ఆయన లేచే ఉంటాడు. అమ్మేసిన పొలంలో ఏ మడిని ఏమని పిలిచేవాళ్ళమో చెప్పమన్నాను. పాస్‌బుక్కులో సర్వే నంబర్లే ఉన్నాయి. “ఇప్పుడెందుకే?” అన్నాడు, తర్వాత ఆగకుండా చెప్పాడు. పెద్దకయ్య. తాటిదిబ్బ. కరణం మాన్యం. బావికాడ మడి. చిన్నమ్మ చెక్క. బస్సు టికెట్ వెనక రాసుకున్నాను, చోటు చాలక అంచుల్లో కూడా. కాలవ పక్కన మూలగా ఉండే ముక్క దగ్గర ఆగిపోయాడు.

“దాన్ని ఏదో అనేవాళ్ళమే. ఉండు, మీ పెద్దనాన్నని అడిగి చెప్తాను.”

పెద్దనాన్నకి ఎనభై రెండేళ్ళు. అడగమని మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాను.