సునాబెడలో ఉద్యోగం చేస్తూ సీక్యూఈకి ఎలా చదివానంటే

ఒడిశాలోని సునాబెడ, జయపురం వైపు క్వాలిటీలో పనిచేస్తున్న మన తెలుగు పిల్లలు చాలామంది ఏఎస్‌క్యూ (అమెరికాలోని క్వాలిటీ సొసైటీ) వాళ్ల సీక్యూఈ, అంటే సర్టిఫైడ్ క్వాలిటీ ఇంజినీర్ ఎగ్జాం గురించి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా. 1964లో మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్ల కోసం ఇక్కడ హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఫ్యాక్టరీ పెట్టారు, ఇప్పుడు సుఖోయ్‌ల ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్లు చేస్తున్నారు, 2024 సెప్టెంబర్‌లో 240 ఇంజిన్లకి కాంట్రాక్ట్ కూడా అయింది. క్వాలిటీ పని నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా నమ్మకం.

ముందు ఎలిజిబిలిటీ చూస్కోండి. 8 ఏళ్ల అనుభవం అడుగుతారు, అందులో 3 ఏళ్లు నిర్ణయాలు తీసుకునే స్థాయిలో ఉండాలి, డిగ్రీ ఉంటే 4 ఏళ్లు తగ్గుతాయి.

ఓపెన్ బుక్కే కదా అని ధీమాగా ఉండొద్దు, వెతుక్కుంటూ కూర్చుంటే టైం అయిపోద్ది. ప్రశ్నలు-జవాబుల సెట్లు లోపలికి రానివ్వరు. ఏ టేబుల్ ఎక్కడుందో సొంతంగా ఇండెక్స్ రాసుకోండి, నేనైతే ఫార్ములాలకన్నా దాని మీదే ఎక్కువ కూర్చున్నా.

లెక్కలు మాత్రం షాప్ కొలతలతోనే చెయ్యండి. బోర్ (రంధ్రం) టాలరెన్స్ 25.000 నుంచి 25.020 మి.మీ. అనుకోండి, సగటు 25.015, సిగ్మా (రీడింగులు ఎంత చెదిరాయో చెప్పేది) 0.002. సీపీ (టాలరెన్స్ వెడల్పుని 6 సిగ్మాలతో భాగిస్తే వచ్చేది) 1.67 వస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండం, కానీ సీపీకే (సగటు నుంచి దగ్గరి లిమిట్‌కి ఉన్న దూరాన్ని 3 సిగ్మాలతో భాగిస్తే వచ్చేది) 0.83 మాత్రమే, అంటే ప్రాసెస్ పైలిమిట్ వైపు జరిగిపోయింది. ఇలా మన మైక్రోమీటర్ రీడింగులతో చేస్తే ఇక మర్చిపోరు. గేజ్ ఆర్‌అండ్‌ఆర్ (కొలిచే గేజ్, కొలిచే మనిషి వల్ల వచ్చే తేడా) కూడా అంతే, 10 శాతం లోపుంటే మంచిది, 30 దాటితే ఆ గేజ్ పనికిరాదు.

అన్నిటికన్నా నన్ను పట్టుకుంది స్పెషల్ ప్రాసెస్ టాపిక్. హీట్ ట్రీట్‌మెంట్ లాంటివి అయ్యాక పార్ట్‌ని చూసి అంతా బాగుందని చెప్పలేం, అందుకే ప్రాసెస్‌నే ముందు వాలిడేట్ చెయ్యాలి. పెనెట్రెంట్ టెస్ట్ (ద్రవం పూసి పైన ఉన్న పగుళ్లు పట్టే పద్ధతి) కూడా అలాంటిదే, ఎలా చేశారు, ఎవరు చూశారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. 1989లో అమెరికా సూ సిటీ దగ్గర డీసీ-10 కూలి వందమందికి పైగా చనిపోయారు, ఫ్యాన్ డిస్క్‌లో పగులు ఇన్‌స్పెక్షన్‌లో దొరకలేదని విచారణలో తేలింది. అది చదివాక మా బెంచ్ మీదున్న పెనెట్రెంట్ రిపోర్ట్ మళ్లీ మొదట్నుంచి చదివా, అందులో ఒక్కో గడి ఎందుకుందో అప్పుడు తెలిసింది.

ఇంగ్లీష్‌లో చదివిన క్లాజుని ఒడియా ఆపరేటర్లకి రోజూ చెప్పేవాణ్ణి, వాళ్లు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పగలిగితే ఆ చాప్టర్ అయిపోయినట్టే. నెక్స్ట్ ఏఎస్9102 (విమాన పార్టుల ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ స్టాండర్డ్) ఫామ్ 1, 2, 3 తీసి మీరు చేసే పార్ట్‌కే నింపి చూడండి, ఏదైనా డౌట్ వస్తే కింద అడగండి.