24 గంటల చిర్, మూడో రోజున ఐడబ్ల్యూపీ2: మూలకణాల నుంచి గుండె కణాలు

మానవ మూలకణాల నుంచి గుండె కండర కణాలు చేయడానికి ఇవాళ చాలా ల్యాబ్‌లు వాడుతున్న పద్ధతి 2012లో వచ్చింది. విస్కాన్సిన్ మ్యాడిసన్ విశ్వవిద్యాలయంలో షాన్ పాలెచెక్ బృందం పని అది. మొదటి రచయిత షియావోజున్ లియాన్. అంతకుముందు యాక్టివిన్ ఏ, బీఎంపీ4 అనే ప్రొటీన్లు పోసేవారు. అవి ఖరీదైనవి, పైగా లాట్ మారితే ఫలితమూ మారేది. లియాన్ వాటిని పక్కన పెట్టి చిర్, ఐడబ్ల్యూపీ2 అనే రెండు చిన్న రసాయనాలతోనే పని కానిచ్చాడు. అనుకూలించిన కణశ్రేణుల్లో (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చిన మూలకణాల్లో) 80 నుంచి 98 శాతం దాకా గుండె కణాలే వచ్చాయి.

దీని వెనక ఉన్నది పిండశాస్త్రమే. పిండంలో మధ్యత్వచం, అంటే గుండె పుట్టే మధ్య పొర, ఏర్పడాలంటే వింట్ అనే ప్రొటీన్ ఇచ్చే సంకేతం కావాలి. అదే సంకేతం ఆ తర్వాత కూడా కొనసాగితే గుండె ఏర్పడదు. కోడి, కప్ప పిండాల్లో వింట్‌ను అడ్డుకుంటే మామూలుగా గుండె రాని చోట కూడా గుండె కణజాలం వస్తుందని 2001లోనే తేలింది. అంటే ముందు వింట్‌ను పెంచాలి, సరైన వేళకి ఆపాలి. చిర్ (పూర్తి పేరు చిర్ 99021) జీఎస్‌కే3 ఎంజైమును ఆపుతుంది. దాంతో వింట్ సంకేతాన్ని మోసే బీటా కెటెనిన్ ప్రొటీన్ నశించకుండా కేంద్రకంలోకి చేరి మధ్యత్వచపు జన్యువులను లేపుతుంది. చిర్ తీసేసినంత మాత్రాన పని పూర్తికాదు, ఎందుకంటే ఈపాటికి కణాలే సొంతంగా వింట్ తయారుచేస్తుంటాయి. ఐడబ్ల్యూపీ2 అవసరం అక్కడే. వింట్‌కు కొవ్వు ఆమ్లాన్ని తగిలించే పోర్క్యుపైన్ ఎంజైమును అది నిలిపేస్తుంది, అప్పుడు వింట్ కణం నుంచి బయటికి రాదు.

ఇక పని. మూలకణాలను అక్యుటేజ్ అనే ఎంజైము ద్రావణంతో విడివిడి చేసి, కణాలు అతుక్కునేందుకు మ్యాట్రిజెల్ అనే జెల్ పూసిన 12 వెల్‌ల (గుంటల) ప్లేట్లో ఎంటెసర్ మీడియాతో (మూలకణాలను పెంచే పోషక ద్రవంతో) వేయాలి. మొదటి 24 గంటలు 5 మైక్రోమోలార్ రాక్ ఇన్హిబిటర్ (రాక్ ఎంజైమును ఆపే రసాయనం) ఉండాలి, లేకపోతే ఒంటరి కణాలు బతకవు. మూడు నాలుగు రోజులు రోజూ మీడియా మారుస్తూ వెల్ అడుగు కణాలతో పూర్తిగా నిండనివ్వాలి. నిండిన రోజే సున్నా రోజు. ఆ రోజు ఆర్‌పీఎంఐ అనే మీడియా, ఇన్సులిన్ లేని బీ27 (మీడియాలో కలిపే పోషకాల మిశ్రమం), 12 మైక్రోమోలార్ చిర్, వెల్‌కు 2 మిల్లీలీటర్లు. సరిగ్గా 24 గంటలకి దాన్ని తీసేసి చిర్ లేని మీడియా పోయాలి. మూడో రోజున పాత మీడియా సగం, కొత్తది సగం కలిపి, అందులో 5 మైక్రోమోలార్ ఐడబ్ల్యూపీ2 వేయాలి. ఇది డీఎంఎస్ఓ అనే ద్రావణిలో అంత సులువుగా కరగదు, 37 డిగ్రీల దగ్గర వెచ్చబెట్టి కలపాలి. కరగని గింజలు కనిపిస్తే మోతాదు అబద్ధమే. అయిదో రోజున ఐడబ్ల్యూపీ2 లేని మీడియా. ఏడో రోజు నుంచి ఇన్సులిన్ ఉన్న బీ27, మూడు రోజులకోసారి మార్పు. ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య కొట్టుకోవడం మొదలవుతుంది.

ఇన్సులిన్ ఎందుకు వద్దంటే, తొలి రోజుల్లో అది కణాలను గుండె వైపు పోనివ్వదు. ఫ్రిజ్‌లో రెండు రకాల బీ27 సీసాలూ పక్కపక్కనే ఉంటాయి, లేబుల్ చూడకుండా తీస్తే ఆ బ్యాచ్ అంతా పోయినట్టే.

బ్యాచ్ పాడైతే నేను ముందు అనుమానించేది సాంద్రతనే. కణాలు పలుచగా ఉంటే చిర్ వాటిని చంపేస్తుంది, పొర ఊడిపోతుంది. మరీ కిక్కిరిసి ఉంటే చిర్‌కు సరిగా స్పందించవు. 12 మైక్రోమోలార్ అన్నది కూడా అన్ని కణశ్రేణులకూ సరిపోయే సంఖ్య కాదు: 6 నుంచి 12 వరకు నాలుగైదు మోతాదులు, రెండు మూడు సాంద్రతలు ఒకే ప్లేట్లో పరీక్షించి తేల్చుకోవాలి. మొదటి రోజు బోలెడన్ని చచ్చిన కణాలు తేలుతుంటే కంగారు పడకండి, అది మామూలే. మీడియా మాత్రం వెల్ గోడ వెంట మెల్లగా జారనివ్వాలి.

కొట్టుకుంటోంది కదా అని సంబరపడితే మోసపోతారు. చిన్న ముక్క ఒకటి కొట్టుకున్నా చుట్టూ ఉన్న పొరంతా లాగబడి కదులుతుంది. గుండె కండరానికి గుర్తయిన కార్డియాక్ ట్రొపోనిన్ టీ ప్రొటీన్‌కి ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే పరీక్ష) చేసి శాతం చూడందే నమ్మొద్దు. శాతం తక్కువొస్తే లాక్టేట్ దారి ఉంది. 2013లో జపాన్‌లోని కెయో విశ్వవిద్యాలయం బృందం చూపినట్టు గ్లూకోజ్ తీసేసి లాక్టేట్ ఇస్తే గుండె కణాలు దాన్ని ఇంధనంగా వాడుకుని బతుకుతాయి, మిగతావి చాలావరకు చస్తాయి. ఎక్కువ రోజులు సాగదీస్తే గుండె కణాలూ దెబ్బతింటాయి.

ఇంతా చేసి వచ్చేవి గర్భస్థ శిశువు గుండె కణాల్లాంటివి. పెద్దల జఠరిక కణంలో ఉండే టీ ట్యూబ్యూల్స్ (కణపు పొర లోపలికి చొచ్చుకుపోయే సన్నని గొట్టాలు) వీటిలో ఉండవు. విశ్రాంతి దశలో కణపు పొర వోల్టేజీని స్థిరంగా ఉంచే పొటాషియం ప్రవాహం బలహీనం, అందుకే ఎవరూ ప్రేరేపించకుండానే కొట్టుకుంటాయి. ల్యాబ్‌లో ఇది ముచ్చటే గానీ రోగి గుండెలో ప్రమాదం. 2014లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మరీ బృందం మూలకణాల నుంచి చేసిన ఇలాంటి కణాలను కోతుల గుండెల్లో నాటింది. అవి బాగానే అతుక్కున్నాయి కానీ లయ తప్పించాయి. ఆ బృందమే 2023లో మూడు జన్యువులను తొలగించి, పొటాషియం ఛానల్‌కు చెందిన ఒకదాన్ని ఎక్కువగా పనిచేయించి కొత్త కణాలు తయారుచేసింది. తొలగించిన మూడింట్లో ఒకటి సహజ లయకు కారణమైన హెచ్‌సీఎన్4 జన్యువు. ఆ కణాలు వాటంతటవి కొట్టుకోవు, బయటి నుంచి విద్యుత్తుతో పేస్ చేస్తే సంకోచిస్తాయి. పందుల గుండెల్లో నాటినప్పుడు ఆ లయ దోషం రాలేదు.