నిజాం ఫొటోను పక్కనుంచి చూడండి

రాజుల కాలం నాటి అసలు ఫొటో ముందు నిలబడగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, "ఇంతేనా? ఇంత చిన్నదా?" అని. ఫోన్ తెరమీద వేళ్లతో సాగదీసి చూసిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, అసలు ప్రింటులో పోస్టుకార్డు కంటే కాస్త పెద్దగా ఉంటాడు. క్యాబినెట్ కార్డు (గట్టి అట్టకు అంటించిన ఆనాటి ప్రింటు) కొలత అయితే అట్టతో కలిపి నాలుగుంపావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల ఎత్తు, అంతే. అప్పట్లో ప్రింటు కాగితాన్ని నెగటివుకు, అంటే కెమెరాలో బొమ్మ పడ్డ గాజు పలకకు, అంటించి ఎండలో పెట్టి తీసేవారు. గాజు పలక ఎంత ఉంటే బొమ్మ అంత. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలక, దానికి తగ్గ పెద్ద కెమెరా, దాన్ని మోయడానికి మనుషులు. 12 అంగుళాలకు 15 అంగుళాల పలకతో తీసిన దర్బారు ఫొటో ఎక్కడైనా కనబడితే ఆ బరువు గుర్తు పెట్టుకుని చూడాలి.

ముందుగా తేల్చుకోవాల్సింది, గోడమీద ఉన్నది అసలుదా నకలా అని. మన పాత ప్యాలెస్ మ్యూజియంలలో వేలాడే రాజుల ఫొటోల్లో నకళ్లు చాలానే ఉంటాయి. అందులో మోసమేమీ లేదు. అసలు ప్రింటు వెలుతురుకు ఓర్వదు. అందుకే 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించని మసక దీపం కింద, అదీ కొద్ది నెలలపాటే బయట పెట్టి, మళ్లీ చీకటి పెట్టెలోకి చేరుస్తారు. ఎండ పడే వరండాలో, తెల్లటి ట్యూబులైటు కింద, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నదైతే అది నకలు అయ్యే అవకాశమే ఎక్కువ. నిజంగా అసలుదే అయితే ఇంకా బాధ, అది రోజూ కొంచెం కొంచెం పోతున్నట్టే.

పక్కనున్న చీటీ చదివితే సగం సంగతి తెలిసిపోతుంది. "అల్బుమెన్ ప్రింటు" అని ఉంటే 19వ శతాబ్దపు కాగితం. "జెలటిన్ సిల్వర్ ప్రింటు" అంటే ఆ తర్వాతి తరం. "ఆర్కైవల్ పిగ్మెంట్ ప్రింటు" అన్నది వినడానికి గంభీరంగా ఉంటుంది కానీ, ఈ మధ్య ఇంక్‌జెట్ యంత్రంలో తీసిన నకలు. "పాత నెగటివు నుంచి ఆధునిక ప్రింటు" అని రాసి ఉంటే అది మరో రకం. ఆనాడు రాజు ఎదుట నిలిచిన గాజు పలక గుండానే వెలుతురు పోయింది, కాగితం మాత్రం మన కాలానిది. చీటీలో ఏమీ లేకపోతే మూడు, నాలుగు రెట్లు పెంచి చూపే చేతి భూతద్దం సాయంతో చూడండి. చుక్కల వరసలు కనిపిస్తే అచ్చు యంత్రం పని. అసలు ఫొటోలో చుక్కలుండవు, నలుపు నుంచి తెలుపు దాకా ఛాయ ఎక్కడా తెగకుండా జారుతుంది. భూతద్దాన్ని ఫ్రేము గాజుకు ఆనించకండి, చాలా చోట్ల గంట మోగుతుంది.

అల్బుమెన్ ఎలా తయారయ్యేదో తెలిస్తే కంటికి చాలా దొరుకుతుంది. 1850లో ఫ్రాన్సులో బ్లాంకార్ ఎవ్రార్ ఈ కాగితాన్ని ప్రకటించాడు. కోడిగుడ్ల తెల్లసొనలో ఉప్పు కలిపి, నురగ వచ్చేదాకా గిలక్కొట్టి, తేరనిచ్చి, ఆ ద్రవం మీద పల్చటి కాగితాన్ని తేలించి ఆరబెట్టేవారు. జర్మనీలో డ్రెస్డెన్ కార్ఖానాల్లో 480 తావుల రీముకు 27 డజన్ల గుడ్లు పట్టేవి. (మిగిలిన పచ్చసొన తోళ్ల పనివాళ్లకు పోయేది.) ఆ కాగితాన్ని వాడేముందు ఫొటోగ్రాఫరు సిల్వర్ నైట్రేట్ ద్రావణం మీద కొన్ని నిమిషాలు తేలించి, చీకట్లో ఆరబెట్టి, గాజు నెగటివుకు అంటించి, చెక్క చట్రంలో బిగించి ఎండలో పెట్టేవాడు. బొమ్మ కంటి ముందే నల్లబడుతూ వస్తుంది. చట్రం వెనక తలుపు సగం మాత్రమే తెరిచి చూసుకోవాలి, మొత్తం తీస్తే కాగితం జరిగి బొమ్మ రెండుగా పడుతుంది. కావాల్సినదానికంటే కాస్త ముదురుగా తేలేదాకా ఉంచాలి, ఎందుకంటే తర్వాతి స్నానాల్లో అది పలచబడుతుంది. కడిగి, బంగారపు ద్రావణంలో ముంచి రంగు మార్చి, హైపోలో (వెలుతురుకు బొమ్మ ఇక మారకుండా చేసే రసాయనం) స్థిరపరచి, మళ్లీ గంటల తరబడి నీళ్లలో నానబెట్టాలి. ఆ ఊదా కలిసిన గోధుమరంగు బంగారం పెట్టిందే. బంగారం తక్కువ పడ్డ ప్రింటు ఇటుకరంగు వైపు తిరుగుతుంది.

కడగడంలో చేసిన బద్ధకం నూరేళ్ల తర్వాత బయటపడుతుంది. కాగితంలో మిగిలిన హైపో వెండిని తింటుంది. పలచటి ఛాయలు ముందు పోతాయి, అంటే ముత్యాల మెరుపు, తెల్లటి బట్ట మీది కుట్టుపని, చెంప మీది వెలుగు. గడ్డం, బూట్లు, చీకటి తెర మాత్రం నిలబడతాయి. రాజు అంగీ మచ్చలేని తెల్లటి ముద్దలా కనిపిస్తే అది మల్లు బట్టో జరీ బట్టో చెప్పలేం, దాని నేత ఎప్పుడో కరిగిపోయి ఉండవచ్చు. తెల్లచోట్లు పసుపెక్కడానికి ఇంకో కారణం తెల్లసొనే. అందులోని చక్కెర, మాంసకృత్తులు కాలక్రమంలో కలిసి పసుపు తేలుస్తాయి. ఈ సంగతి ఆనాటి వాళ్లకూ తెలుసు, అందుకే కాగితానికి ముందే లేత గులాబీ రంగు కలిపేవారు. ఆ రంగు వెలుతురుకు ఎగిరిపోయింది. ఫ్రేము అంచు కింద దాగిన సన్నటి గీతలో మాత్రం ఇంకా మిగిలి ఉండొచ్చు.

పక్కనుంచి చూడమన్నది ఇందుకే. ఎదురుగా నిలబడితే బొమ్మ కనిపిస్తుంది, వస్తువు కనిపించదు. రెండడుగులు పక్కకు జరిగి, దీపపు వెలుగు కాగితం మీద జారేలా తల వంచితే తెల్లసొన మెరుపు పట్టు బట్టలా పైకి లేస్తుంది. ఆ మెరుపులో సన్నటి పగుళ్లు కనిపిస్తాయి, ఎండిన చెరువు మట్టిని ఆకాశం నుంచి చూసినట్టు. తేమకు కాగితం ఉబ్బి, పైపొర సాగలేక విరిగిన గుర్తులు అవి. కాగితపు పీచులు కూడా పొర కిందినుంచి కనిపిస్తాయి. అలాకాక నల్లని చోట్ల, ముఖ్యంగా అంచుల్లో, నీలం కలిసిన అద్దపు మెరుపు తగిలితే అది జెలటిన్ ప్రింటు. వెండి పైకి తేలి అద్దంలా పరుచుకుంటుంది. అల్బుమెన్‌లో ఇది అరుదు. తెరమీద ఈ రెండూ ఒకేలా ఉంటాయి, స్కానరుకు మెరుపు తెలియదు.

అసలు ప్రింటు కూడా ఒక విషయంలో తప్పు చెబుతుంది. ఆనాటి మామూలు పలకకు నీలం బాగా అందుతుంది. ఆకుపచ్చ, పసుపు అంతంత మాత్రం. ఎరుపు దాదాపు కనబడదు. అందువల్ల ఆకాశం వట్టి తెలుపు, నీలం బట్ట లేతగా, ఎర్ర బట్ట నల్లగా పడతాయి. అసఫ్‌జాహీల పసుపు రంగు దస్తారు ఫొటోలో ముదురుగా దిగుతుంది. తెలియనివాళ్లు "నల్ల తలపాగా" అని రాసేస్తారు. నగల సంగతి ఇంకా చిత్రం. వజ్రాలు, ముత్యాలు వెలుగుతాయి. కెంపులు బొగ్గు ముక్కలవుతాయి, పచ్చలు దాదాపు అంతే. నీలాలు మాత్రం అసలుకంటే లేతగా కనిపిస్తాయి. కంఠహారంలో నల్లగా కనబడ్డ రాళ్లన్నీ ఖాళీ గూళ్లని అనుకోకండి. మొహం మీది ఎరుపు కూడా నలుపే అవుతుంది కాబట్టి మచ్చలు, మొటిమలు ఉన్నదానికంటే ఎక్కువగా పడేవి. వాటిని సవరించడానికి నెగటివు మీద సన్నటి పెన్సిలు పెట్టేవారు. బుగ్గల మీద భూతద్దం పెడితే దగ్గర దగ్గరగా వేసిన చిన్న గీతలు తేలతాయి. పక్కనున్న నౌకరు మొహం మీద ఆ గీతలు ఉండవు, ఆయనకు పెన్సిలు ఖర్చు ఎవరు పెడతారు!

తర్వాత కిందికి, పాదాల దగ్గరికి చూపు దించండి. నిలబడ్డ మనిషి మడమల వెనక ఇనుప పీట లాంటిది కనిపిస్తే అది తల కదలకుండా పట్టే స్టాండు అడుగుభాగం. వెనకనుంచి కర్ర పైకి వెళ్లి మెడ దగ్గర పట్టుకునేది. దర్బారు గుంపు ఫొటోల్లో అంచులు చూడాలి. నడుమ ఉన్నవాళ్లు నిలకడగా ఉంటారు, వింజామర పట్టినవాడి చెయ్యి, గుర్రం తోక, ఓర్పులేని పిల్లవాడి తల చెదిరి ఉంటాయి. కొన్ని సెకన్లు ఎవరు ఊపిరి బిగబట్టారో, ఎవరివల్ల కాలేదో ఆ చెదురులో తెలుస్తుంది.

హైదరాబాదు రాజఫొటో అనగానే లాలా దీన్‌దయాళ్ దగ్గరికే రావాలి. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోరులో సర్కారు పనుల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తూ 1874లో కెమెరా పట్టిన మనిషి. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచాడు, దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. 1896లో బొంబాయి స్టూడియో వచ్చింది. ఆరో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఈ తేదీలు ప్రింటు కాలం పట్టడానికి పనికొస్తాయి. అట్ట కింద అచ్చులో బొంబాయి పేరు ఉంటే ఆ అట్ట 1896కు ముందుది కాదు. "రాజా" అని ఉంటే బిరుదు వచ్చిన తర్వాతిది. కానీ అట్ట చెప్పేది ప్రింటు తీసిన కాలం, ఫొటో తీసిన కాలం కాదు. పదేళ్ల కిందటి నెగటివు నుంచి కొత్త ప్రింటు తీసి కొత్త అట్ట మీద అంటించి అమ్మడం మామూలే. ఈ తేడా పట్టించుకోక తేదీలు తప్పిన వివరణలు చాలా తిరుగుతున్నాయి. బొమ్మ అడుగున తెల్లగా కనిపించే అంకె నెగటివు మీద సిరాతో రాసినది. సిరా వెలుతురును ఆపుతుంది కాబట్టి కాగితంపై తెలుపు. పొరను గీకి రాసి ఉంటే అంకె నల్లగా పడేది. ఆ స్టూడియో గాజు నెగటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి, 1989లో కొన్నారు.

రంగు వేసిన పెద్ద ఫొటోలు వేరే సంగతి. ఇక్కడ పక్కచూపు మరీ అవసరం. బట్టల మీద, తివాచీ మీద రంగు మందంగా ఉబ్బి, కుంచె వాలు కనబడుతుంది. మొహం మీద మాత్రం పల్చటి పూత, దాని కింద ఫొటో అలాగే ఉంటుంది. జైపూరు, ఉదయపూరు సిటీ ప్యాలెస్‌లకు వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. జైపూరు రాజు రెండో సవాయి రామ్‌సింగ్ తానే కెమెరా పట్టినవాడు, తన ఫొటోలు తానే తీసుకున్నాడు, జనానాలోని స్త్రీలనూ తీశాడు. రాజు ఫొటో తీయించుకున్నదానికీ, రాజే తీసినదానికీ నిలుచున్న తీరులో తేడా కనిపిస్తుందా అన్నది మీరే అక్కడ చూసి తేల్చుకోండి.

వెళ్లేటప్పుడు ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా ఫ్రేము గాజులో మీ బొమ్మనే చూపిస్తుంది, ముదురు ఛాయలన్నీ దాని కింద మునిగిపోతాయి. ఎండలోంచి నేరుగా వచ్చి చూడకండి, కళ్లు మసకకు అలవాటు పడటానికి పది నిమిషాలు ఇవ్వండి. అంతదాకా వేరే గది తిరగండి. ఫ్లాష్ ముట్టుకోవద్దు. హైదరాబాదులో చౌమహల్లాకూ, సాలార్‌జంగ్ మ్యూజియానికీ శుక్రవారం సెలవు, బయటి ఊళ్లనుంచి వచ్చేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది అక్కడే.

గోడమీద ఉన్నవాటితో సరిపెట్టుకోలేనివాళ్లు చదువుగది అడగాలి. పెద్ద మ్యూజియంలు, ఆర్కైవులు ముందే రాసి అడిగితే పెట్టెలోంచి ప్రింటు తీసి బల్లమీద పెడతాయి. వివరం లేకుండా "నిజాం ఫొటోలు" అని రాస్తే జవాబు రాదు. కేటలాగు అంకెలు నాలుగైదు రాయండి, అంతకు మించి ఒక పూటలో సరిగా చూడలేరు కూడా. సిరా పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలు తెచ్చుకోండి. గ్లౌజులు వాళ్లే ఇస్తారు. ప్రింటును ఒక మూల పట్టి ఎత్తొద్దు, కింద అట్టతో సహా రెండు చేతులా లేపాలి. పాత అట్ట పెళుసు, మధ్యలో విరిగితే బొమ్మ కూడా విరుగుతుంది. ప్రింటు మీదికి వంగి మాట్లాడొద్దు, నోటి తుంపర మచ్చ పడుతుంది. అనుమతి తీసుకుని చిన్న టార్చి దీపాన్ని బల్లకు సమాంతరంగా పక్కనుంచి వేస్తే గీకులు, సవరింపులు, రోలరుతో నునుపు చేసిన వాలు అన్నీ లేచి కనబడతాయి.

వెనకవైపు చూపించమని తప్పకుండా అడగండి. స్టూడియో ముద్ర, పెన్సిలు అంకెలు, ఎవరో ఉర్దూలో రాసిన పేరు, గంజి మరకలు, వెండిపురుగు తిన్న దారులు అన్నీ అక్కడే. గంజితో అట్టకు అంటించేవారు కాబట్టి తేమ ఉన్న చోట పురుగు ముందు గంజిని, తర్వాత కాగితాన్ని పట్టింది. ఆల్బమ్ అయితే ఎదురు పేజీ కూడా చూడాలి. అక్కడ ఎదుటి బొమ్మకు అద్దంలో నీడలాంటి లేత గోధుమ ముద్ర కనిపిస్తే, చాలా ఏళ్లు దాని మీద ఆనుకుని ఉన్నది ప్లాటినం ప్రింటు (వెండికి బదులు ప్లాటినంతో తీసినది) అయి ఉంటుంది. నడుమ పల్చటి కాగితం ఉంటే పేజీతోపాటే తిప్పండి, విడిగా లాగకండి.