సంగమయ్య బయటపడ్డాక

శ్రీశైలం డ్యామ్ నీటిమట్టం చూడందే మా అమ్మకు పొద్దు గడవదు. షేర్లు కొన్నవాళ్ళు మార్కెట్ చూసుకున్నట్టు రోజూ పేపర్లో ఆ అంకె వెతుక్కుంటుంది. మొన్న వేసవి మొదట్లో ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, "840 అడుగుల కిందికి దిగిందిరా, సంగమయ్య బయటపడినాడు. ఎప్పుడొస్తావు?" అంది. సంగమయ్య అంటే డ్యామ్ నీళ్ళలో మునిగిన సంగమేశ్వరం గుడిలోని శివుడు, నీళ్ళు తగ్గితేనే కనబడతాడు. ఆ శనివారమే హైదరాబాద్ నుంచి కర్నూలు బస్సెక్కాను.

అమ్మ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1963లో నెహ్రూ శ్రీశైలంలో పునాదిరాయి వేసేనాటికి ఆమె ఇంకా పుట్టలేదు. ఊరు ఖాళీ చేసిన 1981 వేసవికి పదో తరగతి పరీక్షలు రాసి ఉంది. దాదాపు వంద ఊళ్ళు, లక్ష మంది దాకా జనం కదలాల్సి వచ్చిన మునక అది. డ్యామ్ పని పద్దెనిమిదేళ్ళు సాగడంతో, నీళ్ళు నిజంగా ఊరిదాకా వస్తాయని చివరి నెల వరకూ చాలామంది నమ్మలేదట. "మా నాయన ఆ యేడు కూడా మిద్దె మీద కొత్త మన్ను పోయించినాడు" అని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నెల తిరక్కముందే అదే మిద్దె విప్పి, దూలాలు, తలుపులు, గడపమాను ఎద్దులబండికి ఎత్తుకున్నారు.

ఆదివారం పొద్దున కారు మాట్లాడుకుని ముందు జగన్నాథగట్టు ఎక్కాం. కర్నూలు ఊరి బయటి గుట్ట అది. మునకలో పోవలసిన రూపాల సంగమేశ్వరాలయాన్ని ఊడదీసి తెచ్చి అక్కడ మళ్ళీ నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఇలాగే అలంపురం చేరింది. రాయి రాయికీ నంబరు వేసి, విప్పిన వరసలోనే పేర్చడం చిన్న పని కాదు. నేను ఆ శిల్పాలు చూస్తూ, పని చేసినవాళ్ళను మెచ్చుకుంటూ ఏదో అన్నాను. అమ్మ మెట్ల మీద కూర్చుని నీళ్ళ బాటిల్ మూత తిప్పుతూ, "మా మిద్దెకు ఎవురూ నంబర్లు ఏయల్యా" అంది. కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు.

మా తాత పరిహారం డబ్బుతో కర్నూలులో హంద్రీ ఏటి దగ్గర పల్లంలో చిన్న స్థలం కొన్నాడు. ఏటి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదని ఆయన బాధ. తర్వాత 2009 అక్టోబర్ 2 వచ్చింది. తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, 885 అడుగుల నిండుమట్టం దాటి నీళ్ళు 896 పైకి పోయాయి. కర్నూలును ముంచింది పైనుంచి వచ్చిన వరదా, వెనక్కి తన్నిన జలాశయమా అని తెలిసినవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. మా ఇంట్లో మాత్రం అప్పటికి మంచం పట్టిన తాతను పక్కింటి డాబా మీదికి మోసుకెళ్ళారు. గడపమాను మళ్ళీ నీళ్ళలో నానింది, 1981లో బండెక్కిన అదే మాను.

నందికొట్కూరు, ఆత్మకూరు దాటి కొత్తపల్లి వైపు మళ్ళాక రోడ్డు గురించి రాయడానికేం లేదు, ఎండ తప్ప. కారు ఆగిన చోటు నుంచి ఎండిన జలాశయం అడుగు మీద నడిచాం. నెర్రెలిచ్చిన ఒండ్రు, కాలు పెడితే పెచ్చులు లేస్తోంది. డ్యామ్ కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 దగ్గర ఆగిందని పేపర్లో చదివితే అంకెలాగే ఉంటుంది. చెప్పుల కింద పగిలినప్పుడు అర్థమైంది, తగ్గిన లెక్కంతా ఈ మన్నేనని.

సంగమేశ్వరం గుడి 1981లో మునిగి, మళ్ళీ 2003లో గానీ కనబడలేదు. ఇరవై ఏళ్ళకు పైగా నీటి అడుగున! ఆ తర్వాత నుంచి నీళ్ళు తగ్గిన ఏడాదల్లా కొన్ని నెలలు బయట ఉంటోంది. ప్రాకారం చాలావరకు కూలిపోయింది. లోపల వేపమాను శివలింగం మాత్రం అలాగే ఉంది. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్తారు. నాకు భక్తి అంతంతమాత్రమే, అయినా ఇన్నేళ్ళు నీళ్ళలో నానిన కొయ్య ముందు నిలబడితే నోట మాట రాలేదు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అని ఏడు నదుల పేర్లు పూజారి గడగడా చదువుతుంటే అమ్మ కూడా గొంతు కలిపింది. చిన్నప్పుడు శివరాత్రికి ఇక్కడికి నడిచొచ్చేవాళ్ళట.

గుడి దగ్గర మామ వరసయ్యే ఒకాయన కనబడ్డాడు. జీవో 98 కింద మునక కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వాలని 1986లో ఉత్తర్వు వస్తే, ఆయన అప్పటి నుంచీ అర్జీలు పెడుతున్నాడు. కాలువలు చూసుకునే లష్కరు పోస్టుకైనా పెట్టమని అడిగి అడిగి ఆయనకే అరవై దాటాయి. "ఇప్పుడు మా వానికి అడుగుతాండా" అన్నాడు నవ్వుతూ. పోతిరెడ్డిపాడు తూముల నుంచి ఈ నీళ్ళు తెలుగుగంగ కాలువలో పడి మద్రాసు దాకా పోతాయి కదా అని అమ్మ గుర్తుచేస్తే, "పోనీలేమ్మా, వాళ్ళకూ దప్పికుంటాది" అన్నాడు. ఆయన అన్నాడని నేనూ ఊరుకోవాలా? నేను ఊరుకోలేకపోయాను, కానీ అక్కడ అరిస్తే వినేవాళ్ళు ఎవరున్నారు.

అమ్మ ఊరు గుడికంటే పల్లంలో ఉండేది. అది ఇంకా బయటపడలేదు. ఒడ్డున కోస్తా నుంచి వచ్చి గుడిసెలేసుకున్న జాలరి ఒకతను పుట్టి మీద తీసుకెళ్తానన్నాడు. అమ్మ చేత్తో చూపిస్తూ, అటు, ఆ గుట్టకు సూటిగా అంది. అతను తల అడ్డంగా తిప్పాడు.

"అక్కడ వల వెయ్యమండి. కింద గోడలున్నాయి, చిక్కుకుంటుంది. బావి కూడా ఉంది."

"రెండు బావులు" అంది అమ్మ వెంటనే. "ఒకటి మాది."

దగ్గరిదాకా తీసుకెళ్ళి తెడ్డు ఆపాడు. అమ్మ ఒక చెయ్యి నీళ్ళలో పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను ఫోన్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఒడ్డుకొచ్చాక అతని బుట్టలో బొచ్చె చేపలు చూసి రేటు అడిగింది. అతను చెప్పిన ధరకు కొంగు బొడ్లో దోపుకుని బేరానికి దిగింది.

"మా ఊర్లో పట్టి మాకే ఇంత చెప్తావా నాయనా? సగం చెయ్."