కలప డిపో కరపత్రం

పిన్ని భోజనం దగ్గర కూడా తను టైపు కొట్టిన ఆ కరపత్రం సంగతే ఎత్తింది. అందుకే నిద్ర మానుకుని ఇది రాస్తున్నాను.

"కలప డిపో" అని ఉండాల్సిన చోట "కల్ప డిపో" అని అచ్చయింది. పై వరసలో, పెద్ద అక్షరాల్లో. ప్రూఫు ఇద్దరు చూశారు, ఇద్దరి కంటికీ ఆనలేదు. మళ్లీ వెయ్యాల్సిన కాగితం సంగతి అలా ఉంచండి, "నా వేళ్లు ముసలైపోనాయిరా" అని పిన్ని అన్న మాట నాకు గుచ్చుకుంటోంది. ఆ వేళ్లకేమీ కాలేదు. కీబోర్డు మీటల కింద ఉండే ఆ స్విచ్చుని ఆ పనికి అంటగట్టిన వాళ్లని అడగాలి.

పిన్ని కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో. అందులో గుణింతం గుర్తులు ఎడమచేతికి, న, మ, వ లాంటి కొన్ని తప్ప హల్లులన్నీ కుడిచేతికి. క ఉండేది కె మీద, ల ఎన్ మీద, ప హెచ్ మీద. మూడూ కుడిచేతివే. అంటే "కలప" కొడుతున్నంతసేపూ ఎడమచేతికి పని లేదు. దాని నాలుగు వేళ్లూ ఏ, ఎస్, డి, ఎఫ్ మీద ఊరికే వాలి ఉంటాయి. ఆ నాలుగింటి మీదా ఉన్నవి ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి. నడివేలు డి మీద కాస్త బరువుగా వాలింది, ల తర్వాత పొల్లు పడింది, ప వెళ్లి దాని కింద ఒత్తయింది. అంతే జరిగింది.

ఇంగ్లీషు మాట మధ్యలో అక్కర్లేని డి పడితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుగులో పొల్లు పడితే అటూ ఇటూ ఉన్న హల్లులు అతుక్కుపోయి నిండైన మాటలా నిలబడతాయి. "కల్ప" అనే మాట ఉంది కాబట్టి స్పెల్‌చెక్ కింద ఎర్రగీత కూడా పడదు. పలక పల్క అవుతుంది, తలగడ తల్గడ అవుతుంది. సిరిమాను పండగ దగ్గర పడుతోంది, టైపు కొట్టాల్సిన మేటర్ రోజూ వస్తూనే ఉంటుంది. ఇది ఇప్పుడే తేల్చాలి.

పిన్నీ, ఆటలాడే మేనల్లుడు చిన్నోడూ ఇద్దరూ వాడే బోర్డులో ఉన్నవి సిల్వర్ రకం స్విచ్చులు. స్విచ్చులు చేసే చెర్రీ కంపెనీ ఇచ్చే లెక్కలో సిల్వర్ 1.2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది, రెడ్‌కి 2.0 దిగాలి. నొక్కడానికి కావాల్సిన బలం రెండింటికీ 45 సెంటీన్యూటన్లే. గ్రాముల్లోనూ దాదాపు అంతే అనుకోవచ్చు. అడుగు తగిలేసరికి సిల్వర్ 3.4, రెడ్ 4.0 దిగుతాయి. కాబట్టి రెడ్ మీద వేలు వాలితే 2 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది, సిల్వర్ మీద దాంట్లో సగానికి కాస్త పైన. గేమ్‌లో ఆ తేడా లాభమే. తెలుగు టైపింగ్‌లో పొల్లు పడేది అక్కడే.

అమ్మినచోట గోడకి ఒక చార్టు ఉంది. బ్లూ టైపింగ్‌కి, రెడ్ గేమింగ్‌కి, బ్రౌన్ రెండింటికీ, సిల్వర్ ప్రో ఆటగాళ్లకి. ఆ చార్టు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రంగుకీ పనికీ ముడి ఎవరు వేశారు? పేటెంటు గడువు తీరాక చెర్రీ నమూనాలో చాలా కంపెనీలు స్విచ్చులు చేస్తున్నాయి, రంగు ఎవరిష్టం వాళ్లది. గేటెరాన్ ఎల్లో 50 గ్రాములు, 2 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. రేజర్ ఎల్లో 45 గ్రాములు, 1.2 దగ్గరే పడిపోతుంది. "ఎల్లో ఇయ్యండి" అని అడిగి తెచ్చుకుంటే చేతికొచ్చేది ఏది? గ్రీన్ సంగతీ అంతే. చెర్రీ గ్రీన్ 80 సెంటీన్యూటన్ల గట్టి స్ప్రింగ్, రేజర్ గ్రీన్ 50 గ్రాములే. డబ్బా మీద చూడాల్సినవి మూడు అంకెలు: ఎంత లోతులో అక్షరం పడుతుంది, అక్కడికి ఎంత బలం కావాలి, మొత్తం ఎంత దిగుతుంది. ఆ అంకెలు చెప్పలేని అంగట్లో మెకానికల్ కీబోర్డు కొనకూడదు.

"మెకానికల్ ఫీల్" అని రాసి అమ్మేవాటి గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి రంగు దీపాలు పెట్టిన మామూలు మెంబ్రేన్ బోర్డులు, మీటల కింద రబ్బరు పొర ఉండేవి. ఒక కీక్యాప్ పీకి చూస్తే తెలిసిపోతుంది. విడిగా కూర్చున్న చదరపు డబ్బీ, మధ్యలో మీటతో పాటు దిగే రంగు ముక్క, అంటే స్టెమ్, కనిపిస్తే అది స్విచ్చు. బోర్డు ప్లాస్టిక్‌లోనే గొట్టం పోతపోసి ఉంటే కింద ఉన్నది రబ్బరే. వాటిలో చవకరకం వాటికి ఇంకో జబ్బుంది. డబ్ల్యూ, ఏ, స్పేస్ లాంటి మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒకటి నమోదు కాదు. చిన్నోడి పాత బోర్డు అలాంటిదే.

బ్లూ టైపింగ్‌కి బాగుంటుందన్న మాట ఎలా పుట్టిందో అర్థం చేసుకోగలను. టక్కుమంటుంది, అక్షరం పడిందని చెవికి తెలుస్తుంది. కానీ దాని కట్టడం చూడండి. 60 సెంటీన్యూటన్లు, 2.2 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, మళ్లీ కొట్టాలంటే వేలిని పడిన చోటుకన్నా బాగా పైకి తేవాలి. క్లిక్ చేసే ముక్క వెనక్కి రావాలి కదా. అందుకే వెంటవెంటనే రెండుసార్లు కొట్టే ఆటల్లో రెండో దెబ్బ తప్పిపోతుంది. టైపింగ్‌లోనూ "అమ్మ", "అక్క" రాయడానికి ఒకే మీట రెండుసార్లు కొట్టాలి, అయితే మధ్యలో పొల్లు ఉంటుంది గనక వేలికి టైము దొరుకుతుంది. ఇబ్బంది ఆటకే. దానికి తోడు చప్పుడు. తాతగారి మంచానికీ కంప్యూటర్ బల్లకీ మధ్య ఉన్నది ఒక చెక్క తలుపు, రాత్రి పది తర్వాత మా ఇంట్లో బ్లూ అన్న మాటే ఎత్తకూడదు. బ్రౌన్‌లో ఆ టక్కు చప్పుడుండదు, చిన్న బొడిపె మాత్రం వేలికి తగులుతుంది. ఆ బొడిపె ఎంత చిన్నదంటే, గట్టిగా కొట్టే వేళ్లకి అది తెలియనే తెలియదు.

పిన్నివి గట్టిగా కొట్టే వేళ్లు. విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కోట వైపు వెళ్లే దారిలో, మేడమీద ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పిన్ని తెలుగు టైపు లోయర్, హయ్యర్ పరీక్షలు రెండింటికీ నేర్చుకున్నది అక్కడే. మధ్యాహ్నం బ్యాచ్‌లో వరసగా రెమింగ్టన్‌లు, గోద్రెజ్‌లు మోగుతుంటే కింద రోడ్డు మీద రిక్షా గంట కూడా వినిపించేది కాదు. రిబ్బను సిరా, మెషీన్ ఆయిల్ కలిసిన వాసన మెట్ల దగ్గరే తగిలేది. కొత్తగా చేరినవాళ్లు "ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్, సెమికోలన్ ఎల్‌కేజేహెచ్‌జే" కాగితం నిండేదాకా కొట్టాలి, చూసి కొడితే మాస్టారు వేళ్ల మీద అట్టముక్క కప్పేవారు. లైను చివర గంట మోగగానే క్యారేజీని తోసే చెయ్యి, వెనువెంటనే మళ్లీ హోమ్ కీస్ మీదకి, అంటే వేళ్లు వాలి ఉండే నడి వరస మీటల మీదకి. "వేళ్లు అక్కడి నుంచి లెగకూడదు" అన్నది ఆయన మొదటి పాఠం, చివరి పాఠం కూడా. పిన్నిని తీసుకురావడానికి అమ్మతో వెళ్లి ఆ మెట్ల మీద కూర్చున్న సాయంత్రాలు బాగా గుర్తు. వరసలో ఏ మెషీన్ పిన్నిదో చప్పుడుని బట్టి చెప్పగలిగేవాణ్ణి, దెబ్బలు అంత సమంగా పడేవి. పరీక్షల ముందు ఆ చప్పుడు ఇంకా బిగుసుకునేది, ఎవరూ మాట్లాడేవారు కాదు. కిటికీ దగ్గరి మెషీన్ కోసం పోటీ ఉండేది, దాని క్యారేజీ తేలిగ్గా జరుగుతుందని.

ఆ మాస్టారి పాఠం ఆ మెషీన్‌కి అతికినట్టు సరిపోయింది. టైప్‌రైటర్ మీట సెంటీమీటరు పైమాటే దిగాలి, కింద ఇనుప కడ్డీ లేచి వెళ్లి రిబ్బనుకి కొట్టుకోవాలి. వేలు వాలినంత మాత్రాన అక్షరం పడదు, విసురు కావాలి. దాని మీద నేర్చుకున్న వేళ్లకి రెండు అలవాట్లు ఉంటాయి. హోమ్ కీస్ మీద నిండుగా వాలడం, కొట్టినప్పుడు అడుగుదాకా కొట్టడం. 1.2 మిల్లీమీటర్ల స్విచ్చు ఈ రెండు అలవాట్లకీ పొసగదు. అలవాటు మార్చుకోమని పిన్నికి చెప్పడం అన్యాయం. స్విచ్చునే మార్చాలి.

ఇక్కడిదాకా రాసేటప్పుడు నా ఉద్దేశం, పిన్నికి ఒక బోర్డు, చిన్నోడికి ఒక బోర్డు అనే. టైపింగ్‌కి బరువు స్ప్రింగ్, ఆటకి తేలిక స్ప్రింగ్. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆటలో నడకకి వాడే డబ్ల్యూ, ఏ, ఎస్, డి లోనే మూడు పిన్ని వేళ్లు వాలే మీటలు. చిన్నోడు ఆడే షూటింగ్ ఆటలో కదులుతూ కాలిస్తే గుండు పక్కకి పోతుంది. ఏ వదిలి, డి ఒక్కసారి తట్టి, ఆగి కాల్చాలి. అందులో నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం, బరువు స్ప్రింగ్ వేలిని పైకి తొందరగా నెడుతుంది. చెర్రీ బ్లాక్ 60 సెంటీన్యూటన్ల లీనియర్, అంటే క్లిక్కూ బొడిపే లేకుండా నున్నగా దిగేది, లోతు 2.0. దాన్ని ఇష్టపడే ఆటగాళ్లు ఊరికే లేరు. "మావయ్యా, అంత బరువు పెడితే వేలు పీకుతాది కదేటి" అన్నాడు వాడు. గంటలకొద్దీ డబ్ల్యూ నొక్కి పట్టుకుంటే పీకుతుంది, నిజమే. డబ్ల్యూని వదిలేద్దాం. అక్కడ ఉండేది ఐత్వం, టైపు కొట్టేటప్పుడు దాని మీద వేలు వాలి ఉండదు.

అయస్కాంతం రకం స్విచ్చుల గురించి కూడా ఆలోచించాను. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం మీద నడుస్తాయి. స్టెమ్‌లో చిన్న అయస్కాంతం, పీసీబీ (బోర్డు లోపలి సర్క్యూట్ పలక) మీద సెన్సర్, మధ్యలో తాకే లోహమే లేదు. వానాకాలం చెమ్మకి రేకు నల్లబడి ఒక్క దెబ్బకి రెండు అక్షరాలు పడే బాధ ఉండదు. లోతు మీట మీటకీ సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చు, వేలు కొంచెం లేవగానే మీట వదిలినట్టు లెక్కేసే ర్యాపిడ్ ట్రిగ్గర్ ఉంటుంది. వూటింగ్ బోర్డులు పేరు తెచ్చుకున్నది దీంతోనే. ఎదురెదురు మీటల్ని బోర్డే సర్దిపెట్టే స్నాప్ ట్యాప్ లాంటి సదుపాయాన్ని మాత్రం 2024 ఆగస్టులో వాల్వ్ కంపెనీ తన షూటింగ్ ఆట కౌంటర్ స్ట్రైక్ 2 సర్వర్లలో నిషేధించింది. కొనేవాళ్లు అది తెలుసుకుని కొనాలి. కాగితం మీద మా ఇంటికి ఇదే సరైన జవాబు, పగలు డి లోతు 2.5, రాత్రి 0.8. కానీ వాడు రాత్రి ఆట ప్రొఫైల్‌లో వదిలేసి పడుకుంటాడు, పొద్దున్న పిన్ని అలాగే మొదలుపెడుతుంది, మళ్లీ కల్ప. మనిషి గుర్తుపెట్టుకుంటేనే నడిచే ఏర్పాటు మా ఇంట్లో నిలవదు. పైగా ఆ స్విచ్చులు ఇప్పుడున్న సాకెట్లలో పనిచెయ్యవు, బోర్డే మార్చాలి.

కాబట్టి బోర్డంతా గేటెరాన్ ఎల్లో, ఏ, ఎస్, డి, ఎఫ్ నాలుగింటికీ చెర్రీ బ్లాక్. మాది హాట్‌స్వాప్ బోర్డు, స్విచ్చులు సాకెట్ల నుంచి పీకి మార్చుకోవచ్చు, టంకం పని లేదు. పిన్నులు చూసుకోవాలి. లోహపు కాళ్లు రెండే ఉంటాయి, మధ్య ప్లాస్టిక్ బొడిపెతో కలిపి మూడుకాళ్ల స్విచ్చు అంటారు. అయిదు కాళ్లదానికి అదనంగా రెండు సన్న ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. మూడు రంధ్రాల బోర్డైతే ఆ ప్లాస్టిక్ కాళ్లని నెయిల్ కట్టర్‌తో నున్నగా కత్తిరిస్తే సరిపోతుంది.

కేబుల్ పీకేశాకే పని మొదలుపెట్టాలి. స్విచ్చు పీకే పుల్లర్ కొక్కేలు స్విచ్చుకి పైకీ కిందకీ ఉన్న క్లిప్పులకి పట్టాలి, పక్కలకి పడితే ప్లేటు గీసుకుపోతుంది. కొత్త స్విచ్చు పిన్నులు వంగి ఉంటే ట్వీజర్స్‌తో నిటారుగా చెయ్యాలి. నిలువుగా నొక్కాలి, ఏటవాలుగా నొక్కితే పిన్ను సాకెట్లోకి వెళ్లకుండా అడుగున మడతపడుతుంది. స్విచ్చు కూర్చున్నట్టే కనిపిస్తుంది, అక్షరం పడదు. "స్విచ్చు చచ్చిపోయింది" అని వెనక్కి పంపేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. బలంగా నొక్కాల్సి వస్తే అడుగున సాకెట్‌కి వేలు ఆన్చాలి, లేకపోతే సాకెట్ పీసీబీ నుంచి ఊడిపోతుంది, అప్పుడు టంకం తప్పదు.

స్విచ్చులు విప్పి ల్యూబ్ వేస్తాను. క్రైటాక్స్ 205 గ్రేడ్ జీరో అనే గ్రీజు, సన్న బ్రష్షుతో, స్టెమ్ జారే పట్టాలకీ స్టెమ్ పక్కలకీ స్ప్రింగ్ రెండు చివర్లకీ పలచగా. మెరుపు కనిపించాలి, తెల్లగా పేరుకోకూడదు. పేరుకుంటే మీట బద్ధకంగా లేస్తుంది, బరువు స్ప్రింగ్ పెట్టిన లాభం పోతుంది. లీనియర్ కాబట్టి ఇది సులువు. బొడిపె ఉన్న స్విచ్చుల్లో అయితే స్టెమ్ కాళ్లకి తగలనివ్వకూడదు, బొడిపె అరిగిపోయినట్టవుతుంది. స్పేస్‌బార్ గలగలకి, దాన్ని సమంగా దింపే స్టెబిలైజర్ తీగ చివర్లలో డైఎలెక్ట్రిక్ గ్రీజు. బల్ల పైచెక్క పలచన, లోపల డొల్ల, ప్రతి దెబ్బకీ మద్దెలలా మోగుతుంది. కింద మందపాటి డెస్క్ మ్యాట్ వేస్తే తాతగారికి సగం శాంతి. అదీ చాలకపోతే సైలెంట్ రెడ్ రకం చూడాలి, స్టెమ్‌లోనే మెత్తలు ఉంటాయి, లోతు 1.9.

అన్నీ కలిపి ఇప్పుడే ఆర్డర్ పెట్టను. ముందు డి ఒక్కటి. చిన్నోడి స్నేహితుడి దగ్గర ఒక బ్లాక్ స్విచ్చు విడిగా ఉందట, రేపు తెస్తానన్నాడు. అది పెట్టి పిన్ని చేత కలప, పలక, పరక, తలగడ, దడ వరసగా ఒక పేజీ కొట్టిస్తాను. అన్నీ కుడిచేతి మాటలే, ఎడమచెయ్యి ఎంత బరువుగా వాలుతుందో అవే చెబుతాయి. ఒక్క ఒత్తు అదనంగా పడినా బ్లాక్ కూడా చాలనట్టే, 80 గ్రాముల స్ప్రింగులు విడిగా తెప్పించి డి లో వెయ్యాలి. పడకపోతే మిగతా మూడు బ్లాకులూ, ఎల్లోలూ ఆ సాయంత్రమే ఆర్డర్.