నాన్న ఇచ్చిన రథం నాణెం

పర్లాకిమిడిలో మా ఇంటి బీరువాలో ఒక నాణెం ఉంది. రథమెక్కి విల్లు ఎక్కుపెట్టిన ప్రాచీన ఈజిప్టు రాజు రెండో రామ్సెస్, వెనకవైపు రెక్కల సూర్యుడు. 1952 విప్లవానికి గుర్తుగా ఈజిప్టు 1955లో వేసిన బంగారు పౌండు (అక్కడి డబ్బు పేరు) నాణెం మీది బొమ్మే అది. నాన్న ఎప్పుడో ఒక ఎగ్జిబిషన్ స్టాల్లో కొన్నారు, బంగారమనే నమ్మి.

మొన్న టెన్షన్‌తోనే బజారులో కంసాలి దగ్గరికి తీసుకెళ్లాను. అసలుది 8.5 గ్రాములు, 21 క్యారెట్లు. త్రాసులో నాలుగు గ్రాములు దాటి కొంచెమే తూగింది. అదే సైజు ఇత్తడి బంగారంలో సగమే తూగుతుంది. కంసాలి మామయ్య ఒరియాలో ఏదో గొణిగి, తెలుగులో "పూత, బాబూ" అన్నారు.

బాధేసింది, నాన్న కోసం. ఆయనకు చెప్పలేదు.

దాని పక్కనే మా చిన్నమామయ్య కువైట్ నుంచి వస్తూ, కైరోలో విమానం మారినప్పుడు తెచ్చిన ఒక పౌండు నాణెం పెట్టాను. రెండు లోహాలది, మీద టుటన్‌ఖామున్ ముసుగు. 2006 నుంచి అక్కడ టీకొట్టులో కూడా చెల్లే చిల్లర. మూడువేల ఏళ్లనాటి కుర్రరాజు ముఖం జేబుల్లో తిరగడం నాకెంతో ఇష్టం. రెండింటినీ తోమను, చింతపండు అసలు తగలనివ్వను.