మొక్కు లేని పరుగు

హాలీవుడ్ సినిమా హీరో ఫారెస్ట్ గంప్ తన పరుగు అలబామాలో ఇంటి అరుగు మీంచి మొదలుపెడతాడు. నేను ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం దగ్గర, జనవరి చలిలో తెల్లవారుజామున అయిదింటికి, మంకీ క్యాప్ పెట్టుకుని మొదలుపెట్టాను. 1994 నాటి ఆ సినిమాలో అతను 3 సంవత్సరాల 2 నెలల 14 రోజుల 16 గంటలు పరిగెడతాడు. నాకు దొరికిన సెలవు మూడు రోజులు.

లివర్‌పూల్‌కి చెందిన రాబ్ పోప్ అనే పశువైద్యుడు 2016లో బయలుదేరి, ఆ కల్పిత దారిని నిజంగానే పరిగెత్తాడు. అది చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టలేదు. అమెరికా వెళ్లే స్తోమత లేదు. గంప్ పడమటి సముద్రం చూసి వెనక్కి తిరిగి, తూర్పున మెయిన్ రాష్ట్రంలో మార్షల్ పాయింట్ లైట్‌హౌస్ దాకా వెళ్తాడు. లైట్‌హౌస్ మనకీ ఉంది, అంతర్వేదిలో. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. సరిపోయింది.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరేసరికి తెల్లారింది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు పారాయి. ఇప్పుడు వాటి పక్కన దాళ్వా (రెండో పంట) ఊడ్పులు సాగుతున్నాయి. ఆత్రేయపురంలో టీ తాగుతుంటే కొట్టాయన అడిగాడు.

“ఎక్కడికండీ అలా పరిగెడుతున్నారు?”

“అంతర్వేదండి.”

“బస్సుంది కదండీ!”

సినిమాలో విలేకరులు గంప్ వెంటపడి ప్రపంచ శాంతి కోసమా, పర్యావరణం కోసమా అని అడుగుతారు. ఊరికే పరిగెత్తాలనిపించింది అంటాడతను. కోనసీమలో ఆ జవాబు చెల్లదు. షుగరా? కానిస్టేబుల్ సెలక్షన్సా? లొల్ల లాకుల దగ్గర ఒక మామ్మగారైతే గొంతు తగ్గించి, “ఇంట్లో ఏవైనా గొడవా నాయనా?” అంది. చివరికి అందరూ తేల్చింది ఒకటే: మొక్కు. కాదన్నకొద్దీ గట్టిగా నమ్మారు. నేనూ కాదనడం మానేశాను, ఎందుకంటే మొక్కు అనగానే మజ్జిగ వచ్చేది.

రెండో రోజు కొత్తపేట దాటాక మడమ బొబ్బ చితికింది. కొత్త బూట్లు వేసుకుని దూరం పరిగెత్తకూడదని తెలియక కాదు, ఏడు వేలు పెట్టి కొన్నానని. కుంటుతూ ఒక కొబ్బరి రాశి దగ్గర కూలబడ్డాను. అక్కడ ఒకాయన భూమిలో పాతిన గునపం మొనకి కాయ గుచ్చి, ఒక్క తిప్పు, ఇంకో తిప్పు, డొక్క ఊడి పక్కన పడేది. కాళ్లకి చెప్పులు కూడా లేవు. చెయ్యి ఆపకుండానే నా వైపు చూసి, “అయ్యి ఇప్పేయండి బాబుగారూ, అయ్యే మిమ్మల్ని కరుస్తున్నాయి,” అన్నాడు.

అక్కణ్ణుంచి హవాయి చెప్పులతో పరుగు తక్కువ, నడక ఎక్కువ. పి.గన్నవరం అక్విడెక్టు మీద మాత్రం చాలాసేపు ఆగాను. కింద వైనతేయ నది, దాని మీదుగా కాలువ. ఒక నీటిని ఇంకో నీరు దాటుతోంది! గంప్ వెనక జనం గుంపుగా వస్తారు. నా వెనక రెండు కుక్కలు, కాసేపు ఒక సైకిల్ కుర్రాడు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. మూడో రోజు సాయంత్రానికి సరుగుడు చెట్ల మీదుగా లైట్‌హౌస్ కనిపించింది. గంప్ ఇలాంటి చోటే వెనక్కి తిరిగి మళ్లీ పరుగందుకుంటాడు. నేను అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట మడమ ఉప్పునీళ్లలో పెట్టి కెవ్వుమన్నాను.

గట్టు దిగి వస్తుంటే ఆటో ఆయన నా చెప్పులూ, చేతిలో బూట్లూ చూశాడు.

“మొక్కు తీరిందాండి?”

“తీరిందండి,” అన్నాను. “రాజోలు బస్టాండుకి ఎంత తీసుకుంటారు?”